స్నోక్వాల్మీ పాస్‌లో శనివారం స్నోనా, వానా? ముందే తేల్చుకోవడం ఎలా

డిసెంబరు వచ్చిందంటే చాలు, గురువారం సాయంత్రానికి సియాటెల్ దగ్గర మా ఇసక్వా గ్రూపులో ఒకటే చర్చ. "అక్కా, ఫోన్లో శనివారానికి స్నో బొమ్మ ఉంది. పిల్లల్ని స్కీయింగ్‌కి తీసుకెళ్ళొచ్చా?" అని ఒకరు పెడతారు. వెంటనే ఇంకొకరు "మా ఫోన్లో వాన చూపిస్తోందే!" అంటారు. ఎవరి ఫోనూ అబద్ధం చెప్పడం లేదు. మొదటాయన స్నోక్వాల్మీ పాస్ అని కొట్టారు, రెండో ఆవిడ స్నోక్వాల్మీ అని కొట్టి ఊరుకున్నారు. స్నోక్వాల్మీ అనేది కొండ కింద ఊరు, దాని ఎత్తు నాలుగు వందల అడుగుల పైచిలుకు. పాస్ అంటే కొండల మధ్య దారి, అది అక్కణ్ణుంచి పాతిక మైళ్ళ అవతల, 3,022 అడుగుల మీద ఉంది. ఊళ్ళో గొడుగులు తెరిచిన గంటలోనే పాస్‌లో పారలు తీస్తూ ఉండొచ్చు.

నేను వాతావరణ శాస్త్రం చదువుకున్నదాన్ని కాదు. ఉద్యోగం డేటా క్వాలిటీలో. ఒక అంకె వస్తే ఇది ఎక్కడ కొలిచారు, ఎప్పుడు కొలిచారు, ఎవరు కొలిచారు అని అడగడమే నా పని. పిల్లలిద్దరి శనివారం స్కీ క్లాసుల పుణ్యమా అని అదే బుద్ధి స్నో రిపోర్టుల మీదికి మళ్ళింది. క్లాసుల డబ్బు చలికాలం మొదలుకాకముందే కట్టేస్తాం కాబట్టి ఏ రోజు వెళ్ళాలన్నది మా చేతిలో లేదు. వెళ్ళాక ఏ గంటకు నెత్తిన ఏం పడుతుందో తెలిస్తే చాలు, దానికి తగ్గట్టు సర్దుకుంటాం.

అంగుళాల కంటే ముందు అడుగులు

యూటా, కొలరాడోల్లో చాలా రిసార్టుల పార్కింగ్ లాట్లే ఎనిమిది, తొమ్మిది వేల అడుగుల మీద ఉంటాయి. నడి చలికాలంలో అక్కడివాళ్ళ బెంగ పడుతుందా లేదా అన్నదే. పడితే స్నోనే. మన కాస్కేడ్ కొండల్లో పడటానికి లోటు లేదు. నవంబరు నుంచి మార్చి దాకా పసిఫిక్ మీంచి తడిగాలి ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటుంది. పడేది ఏ రూపంలో అన్నదే ఇక్కడి బెంగ. అందుకే "ఎన్ని అంగుళాలు?" అని అడిగేవాళ్ళకు నేను ముందు "ఎన్ని అడుగుల మీద, ఎన్ని గంటలకు?" అని ఎదురు ప్రశ్న వేస్తాను.

మీరు వెళ్ళే చోటు ఎత్తు కంఠతా వచ్చి ఉండాలి. పాస్‌లోని స్కీ కొండలు సమ్మిట్ వెస్ట్, సెంట్రల్, ఈస్ట్‌ల కింది భాగమంతా దాదాపు మూడు వేల అడుగుల దగ్గరే. రోడ్డుకి అవతలి పక్కనున్న ఆల్పెంటల్ కూడా కింద అంతే గానీ, పైన లిఫ్టు దిగే చోటు 5,400 అడుగులు దాటుతుంది. యూఎస్-2 హైవే మీది స్టీవెన్స్ పాస్ 4,061 అడుగులు. క్రిస్టల్ మౌంటెన్ కిందే 4,400, కొండ కొస 7,000. ఈ వెయ్యి, రెండు వేల తేడాలోనే కొన్ని శనివారాలు తడిసి ముద్దవుతాయి, కొన్ని పండగవుతాయి.

ఇప్పుడు ఫోర్‌కాస్టులో రెండు మాటలు కనిపిస్తాయి: ఫ్రీజింగ్ లెవెల్, స్నో లెవెల్. మొదటిది గాలి 32 డిగ్రీలకు, అంటే ఇండియా లెక్కలో సున్నాకు, చేరే ఎత్తు. రెండోది పడేది స్నోగానే నేలను తాకే కింది హద్దు. పైనుంచి వచ్చే స్నో కరగడానికి కాస్త దూరం పడుతుంది కాబట్టి మామూలుగా స్నో లెవెల్, ఫ్రీజింగ్ లెవెల్‌కి వెయ్యి అడుగులు దిగువన ఉంటుంది. కాబట్టి 4,000 అన్న అంకె చూసి నీరసపడే ముందు అది ఏ లెవెలో చూడండి. ఫ్రీజింగ్ లెవెల్ 4,000 అయితే పాస్‌లో తడి స్నో పడుతుంది. స్నో లెవెలే 4,000 అయితే రెయిన్‌కోట్ తీయాల్సిందే.

ఈ అంకె ఎక్కడ దొరుకుతుందంటే, నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ వాళ్ళ మౌంటెన్ వెదర్ ఫోర్‌కాస్టులో. అవలాంచ్ అంటే కొండవాలు మీంచి మంచు ఒక్కసారిగా విరుచుకుపడటం. స్నోక్వాల్మీ, స్టీవెన్స్ అని కొండల్ని భాగాలుగా విడదీసి, ఎప్పటినుంచి ఎప్పటిదాకా స్నో లెవెల్ ఎంత ఉంటుందో, ఎంత నీరు పడుతుందో చెబుతారు. రెండోది నేషనల్ వెదర్ సర్వీస్ సైటు. అక్కడ ఊరి పేరు కొట్టకండి. మ్యాపు తెరిచి, మీరు స్కీ చేసే కొండ మీదే నొక్కండి. వచ్చిన పేజీలో ఆ చుక్క ఎత్తు ఎన్ని అడుగులో రాసి ఉంటుంది. అది 3,000 అని ఉందో 4,800 అని ఉందో చూడకుండా కింద అంగుళాలు చదివితే ఎవరి ఇంటి కరెంటు బిల్లో మనది అనుకున్నట్టే.

స్నో లెవెల్ 2,000 లోపు ఉంటే నేను ఇంకేమీ ఆలోచించను, పాస్ అంతా స్నోనే. 2,500కీ 3,500కీ మధ్య ఉంటే జూదం. ఆ రోజు ఆల్పెంటల్ పైభాగం బాగుంటుంది, పిల్లలు నేర్చుకునే కింది వాలు మాత్రం తడిగా ఉంటుంది. 4,500 దాటితే ఆల్పెంటల్ కొసన తప్ప స్నోక్వాల్మీలో అంతా వానే అనుకోవాలి. 6,000, 7,000 అని కనిపిస్తే హవాయి వైపు నుంచి వెచ్చటి తడిగాలి వస్తోందని అర్థం. దాన్నే ఇక్కడ పైనాపిల్ ఎక్స్‌ప్రెస్ అంటారు, ఈ మధ్య టీవీ వాళ్ళు అట్మాస్ఫియరిక్ రివర్ అంటున్నారు. అది వస్తే కొత్త స్నో పడకపోగా ఉన్నది కరిగి కిందికి పోతుంది.

ఫోర్‌కాస్టు చేతిలో లేనప్పుడు మనసులో వేసుకోగలిగిన లెక్క ఒకటుంది. వెయ్యి అడుగులు ఎక్కితే సుమారు మూడున్నర డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గుతుంది. సియాటెల్‌లో 42 ఉండి ముసురుగా ఉంటే, పాస్ దగ్గర 32 చుట్టుపక్కల ఉండాలి. ఉండాలి అని ఎందుకన్నానంటే, స్నోక్వాల్మీలో ఈ లెక్కను తలకిందులు చేసేది ఒకటుంది.

తూర్పుగాలి

దీని గురించి ఫోన్ యాప్‌లు చెప్పగా నేను చూడలేదు. చలికాలంలో కొండలకు అవతల, ఎలెన్స్‌బర్గ్, యాకిమా వైపు, చల్లగాలి పళ్ళెంలో పోసినట్టు నేల మీద పేరుకుని ఉంటుంది. పసిఫిక్ మీంచి తుపాను దగ్గరయ్యే కొద్దీ పడమట పీడనం తగ్గుతుంది. అప్పుడు ఆ చల్లగాలి కొండల మధ్య సందులోంచి ఇటువైపు దూసుకొస్తుంది. ఆ సందుల్లో అన్నిటికంటే పల్లంగా ఉన్నవాటిలో స్నోక్వాల్మీ పాస్ ఒకటి. ఇంతలో పైనుంచి వెచ్చటి గాలి వచ్చేసినా, పాస్ నేల మట్టాన మాత్రం చల్లగానే ఉంటుంది. అందుకే ఫ్రీజింగ్ లెవెల్ 5,000 అని చెప్పిన రోజు కూడా పాస్‌లో పొద్దున్నంతా స్నో పడటం చూస్తాం.

కానీ ఇది ఎల్లకాలం ఉండదు. మధ్యలో వెచ్చటి పొర చిక్కబడ్డాక, స్నో అందులో కరిగి నీరై, కింద చల్లటి నేలను తాకి గడ్డకడుతుంది. అదే ఫ్రీజింగ్ రెయిన్. గాగుల్స్ మీద, లిఫ్టు కుర్చీల మీద, కారు అద్దాల మీద గాజు పూసినట్టు పొర కడుతుంది. తర్వాత గాలి పడమటికి తిరిగిందంటే అరగంటలో అంతా మామూలు వాన.

ఆ మలుపు ఏ గంటకు వస్తుందో పట్టుకోవడమే అసలు కిటుకు. అవలాంచ్ సెంటర్ సైటులో వెదర్ స్టేషన్ల డేటా గంట గంటకూ పట్టికలా వస్తుంది. ఆల్పెంటల్‌కి కింద ఒకటి, మధ్యలో ఒకటి, పైన ఒకటి స్టేషన్లున్నాయి, పాస్ దగ్గర వేరే ఉంది. ఇలా ఉందనుకోండి. పొద్దున ఏడు గంటలకు పాస్‌లో 28 డిగ్రీలు, గాలి దిక్కు 95. అదే గంటకు ఆల్పెంటల్ పైన 36 డిగ్రీలు. దిక్కు డిగ్రీల్లో ఇస్తారు: 90 అంటే తూర్పు నుంచి, 270 అంటే పడమటి నుంచి. రెండు వేల నాలుగు వందల అడుగుల పైన ఎనిమిది డిగ్రీలు వెచ్చగా ఉందంటే లెక్క తలకిందులైనట్టే. కింద స్నో పడుతున్నా అది అరువు స్నో. ఎనిమిదికి దిక్కు 110, తొమ్మిదికి 180, పదికి 265 అని మారుతూ, ఉష్ణోగ్రత 28 నుంచి 30, 33, 36 అని ఎక్కుతుంటే, పదిన్నరకల్లా కోట్లు తడుస్తాయి. అలాంటి రోజు మా పెద్దదానికి వాటర్‌ప్రూఫ్ గ్లవ్స్ రెండో జత బ్యాగులో పెడతాను. మధ్యాహ్నం క్లాసు ఉన్నవాళ్ళకు మాత్రం "రండి, కానీ పాత కోటు వేసుకోండి" అని గ్రూపులో పెడతాను.

వెదర్ సర్వీస్ సియాటెల్ ఆఫీసువాళ్ళు రాసే ఫోర్‌కాస్ట్ డిస్కషన్ అని ఒకటుంటుంది. రంగుల బొమ్మలేమీ ఉండవు. డ్యూటీలో ఉన్న మనిషి తన మాటల్లో రాసింది. ఇంగ్లీషు కాస్త పొడిపొడిగా ఉంటుంది గానీ, తూర్పుగాలి ఎప్పుడు తిరుగుతుందని తాను అనుకుంటున్నాడో, ఆ అంచనా మీద ఎంత నమ్మకముందో అందులో ఒప్పుకుంటాడు. బొమ్మలు చూసే బదులు ఆ నాలుగు పేరాలు చదవడం మేలు.

ముసురు వెళ్ళిన మర్నాడు

ఇక్కడ తుపానుల నడక ఇంచుమించు ఒక వరసలో ఉంటుంది. ముందు వెచ్చటి గాలి, వాన. తర్వాత కోల్డ్ ఫ్రంట్, అంటే వెనకొచ్చే చల్లగాలి ముందంచు, దాటుతుంది, స్నో లెవెల్ ధబాలున పడిపోతుంది. టీవీలో "తుపాను దాటిపోయింది, జల్లులే" అని చెప్పినప్పుడు మనవాళ్ళు ఆశ వదిలేస్తారు. నేను అప్పుడే స్కీలు బయటికి తీయమంటాను. ఫ్రంట్ దాటాక వాయవ్యం నుంచి వచ్చే గాలి ఒలింపిక్ కొండలకు తగిలి రెండుగా చీలి, వాటి చుట్టూ తిరిగొచ్చి ప్యూజెట్ సౌండ్ మీద మళ్ళీ కలుసుకుంటుంది. కలుసుకున్న చోట గాలి పైకి లేచి మబ్బు కట్టి గంటల తరబడి కురుస్తుంది. కన్వర్జెన్స్ జోన్ అంటారు దీన్ని. ఎక్కువగా ఎవరెట్ వైపు ఏర్పడుతుంది కాబట్టి ఆ పట్టీ తూర్పుకి సాగి స్టీవెన్స్ పాస్‌కి ఎక్కువ మేలు చేస్తుంది. కొన్నిసార్లు దక్షిణానికి జారి స్నోక్వాల్మీ మీద కూర్చుంటుంది. అది సన్నటి పట్టీ కాబట్టి ఎక్కడ ఆగుతుందో ముందురోజు ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరు. రాడార్‌లో ఇసక్వా ఎండగా ఉండి పాస్ దారిలోని నార్త్ బెండ్ నల్లగా కనిపిస్తే కార్లో కూర్చోవడమే.

ఇంకో లాభం కూడా ఉంది. వెచ్చగా మొదలై చల్లగా ముగిసిన తుపానులో అడుగున బరువు స్నో, పైన తేలిక స్నో పడతాయి. స్కీ కింద మెత్తగా ఆగుతుంది. చల్లగా మొదలై వెచ్చగా ముగిస్తే బరువు పైకి వస్తుంది. అందులో తిరగబోతే మోకాళ్ళు పట్టేస్తాయి, అవలాంచ్‌ల భయం కూడా ఎక్కువ. అందుకే ఫోర్‌కాస్టులో మొత్తం అంగుళాల కంటే స్నో లెవెల్ దిగుతోందా, ఎక్కుతోందా అన్నది ముందు చూస్తాను.

అంగుళాల సంగతి

అసలు లెక్క నీళ్ళలో ఉంటుంది. వాతావరణాన్ని కంప్యూటర్లో లెక్కగట్టే మోడల్ చెప్పేది ఎంత నీరు పడుతుందని. దాన్ని స్నో అంగుళాలుగా మార్చేది ఎవరో ఒకరు పెట్టుకున్న సూత్రం. మామూలుగా ఒక అంగుళం నీటికి పది అంగుళాల స్నో అంటారు. 32 దగ్గర పడితే అది ఐదారు అంగుళాలే అవుతుంది. ఇరవైల్లో ఉంటే పదిహేను దాకా పోతుంది. యూటా స్నో చేతిలోకి తీసుకుంటే వేళ్ళ మధ్యనుంచి జారిపోతుంది. ఇక్కడిది అరిసెలకు కొట్టిన తడిపిండి, పిడికిలి బిగిస్తే ముద్ద కడుతుంది. కాస్కేడ్ కాంక్రీట్ అని స్థానికులు దీనికి ముద్దుపేరు పెట్టుకున్నారు. కాబట్టి ఒక యాప్ 14 అంగుళాలని, ఇంకోటి 6 అని చెబితే, నీటి లెక్క ఇద్దరిదీ ఒకటే అయ్యుండొచ్చు, మార్చుకున్న సూత్రం వేరు. అవలాంచ్ సెంటర్ నేరుగా నీటినే ఇస్తుంది. ఆ అంకె తీసుకుని ఉష్ణోగ్రత చూసి మీరే గుణించుకోండి.

ఎన్ని రోజుల ముందు నమ్మొచ్చు? పది రోజుల ముందు కనిపించే అంగుళాలు గాలిలో మేడలే. వారం ముందు చూసేది తడివారమా, పొడివారమా అన్న వరకే. మూడు రోజుల ముందు స్నో లెవెల్ చెబితే చెవి పెట్టి వినొచ్చు, అయినా వెయ్యి అడుగులు అటూ ఇటూ వదిలిపెట్టండి. స్నోక్వాల్మీకి ఆ వెయ్యి అడుగులే ప్రాణం. వెదర్ సర్వీస్ ఇచ్చే అంచనాల్లో తక్కువలో తక్కువ, ఎక్కువలో ఎక్కువ అని రెండు కొసలు చూపించే పేజీ ఉంది. రెండింటికీ మధ్య తేడా తక్కువగా ఉంటే నమ్మకం ఉన్నట్టు. 1 నుంచి 13 అని ఉందంటే వాళ్ళకూ తెలియదనే, ఆ మాట మర్యాదగా చెబుతున్నారు.

ఇక్కడి యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ నడిపే మోడల్ కొండల్ని నాలుగు కిలోమీటర్లు, ఇంకా సన్నగా 1.33 కిలోమీటర్ల గడులుగా చూస్తుంది. ప్రపంచం మొత్తాన్ని పెద్ద గడుల్లో చూసే మోడల్‌కి పాస్ సందు సరిగా కనపడదు, తూర్పుగాలీ పట్టుబడదు. ఆసక్తి ఉన్నవాళ్ళు ఆ మ్యాపులు చూడొచ్చు. లేనివాళ్ళకు అవలాంచ్ సెంటర్ ఫోర్‌కాస్టు చాలు, వాళ్ళు అవన్నీ చూసే రాస్తారు.

రిసార్టు చెప్పే అంకెలు

పొద్దున్నే రిసార్టు స్నో రిపోర్టు వస్తుంది: రాత్రి పడింది ఇంత, 24 గంటల్లో ఇంత, కింద మందం ఇంత, సీజను మొత్తం ఇంత. సీజను మొత్తాన్ని నేను అసలు చదవను. అది పోయిన నెల పడి కరిగిపోయినదాన్ని కూడా కలుపుకుంటుంది. మౌంట్ బేకర్ స్కీ ఏరియాలో 1998-99 సీజనులో 1,140 అంగుళాలు పడి ప్రపంచ రికార్డు అయ్యింది. అంటే ఏ రోజూ అక్కడ 95 అడుగుల స్నో నిలబడి లేదు. పడుతూ, దిగుతూ, గట్టిపడుతూ ఉంటుంది. కింద మందం పనికొచ్చే అంకె. నా ఉద్దేశంలో పాస్‌లో అది 40 అంగుళాల లోపుంటే రాళ్ళు, పొదలు, వాగులు ఇంకా పూర్తిగా మూసుకోలేదనే, అద్దె స్కీలు తీసుకోవడం నయం.

24 గంటల అంకెలో తిరకాసు ఉంది. శుక్రవారం పగలు ఎనిమిది అంగుళాలు పడి, రాత్రి ఒంటిగంట నుంచి వాన పడిందనుకోండి. రిపోర్టులో ఎనిమిది అలాగే ఉంటుంది. తీరా వెళ్ళాక కాళ్ళ కింద చిత్తడి. దీన్ని పట్టుకోవడానికి మళ్ళీ ఆ గంటల పట్టికే దిక్కు. గంటకు పడిన నీరు 0.10 అని ఉంది, స్నో మందం పెరగలేదు సరికదా 61 నుంచి 60కి దిగింది, ఉష్ణోగ్రత 34. ఇక రిపోర్టులో ఏం రాస్తేనేం, అది వాన. అదే నీరు 0.10 పడి మందం గంటకో అంగుళం పెరుగుతుంటే స్నో.

కొలిచేవాళ్ళ గురించి కూడా ఒక మాట. డార్ట్‌మత్ కాలేజీ ఆర్థికశాస్త్రవేత్తలిద్దరు రిసార్టులు ప్రకటించిన అంకెల్ని ప్రభుత్వ వాతావరణ లెక్కలతో పోల్చి చూశారు. శని, ఆదివారాల్లో రిసార్టులు చెప్పే కొత్త స్నో మిగతా రోజుల కంటే ఐదో వంతుకు పైగా ఎక్కువని తేలింది. ప్రకృతికి వీకెండు తెలియదు కదా. ఇది ఏ ఒక్క రిసార్టు మీదా నింద కాదు, నేను వాళ్ళ రిపోర్టు కంటే ముందు స్నో స్టేక్ కెమెరా ఎందుకు చూస్తానో చెబుతున్నాను. స్టేక్ అంటే అంగుళాలు గీసిన కర్ర. దాని కింద పలక ఉంటుంది, ఎప్పటికప్పుడు దాన్ని తుడిచి మళ్ళీ సున్నా నుంచి మొదలుపెడతారు. చూసేటప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి: ఆఖరుసారి ఎప్పుడు తుడిచారు, ఆ కర్ర ఎంత ఎత్తులో పాతి ఉంది. కొండ పైన నాటిన కర్ర పది చూపిస్తుంటే కింద రెండే ఉండొచ్చు.

రిపోర్టులో వాడే మాటలు పెళ్ళి సంబంధాల వాళ్ళు వాడే మాటల్లాంటివే, కాస్త పాలిష్ ఉంటుంది. "వేరియబుల్" అంటే బాగోలేదని. "ఫర్మ్" అంటే ఐసు. "స్ప్రింగ్ కండిషన్స్" అని జనవరిలో రాశారంటే వాన పడిందని. "ప్యాక్డ్ పౌడర్", "గ్రూమ్డ్" అని ఉంటే నిశ్చింతగా వెళ్ళండి. వాలును చదును చేసే గ్రూమింగ్ బండ్లు రాత్రిపూట తిరుగుతాయి. స్నో పది గంటలకే ఆగితే తెల్లారేసరికి వాలంతా దువ్వినట్టు గీతలు గీతలుగా ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి ఇంకా పడుతుంటే ఆ గీతల మీద కొత్తది కప్పేసి ఉంటుంది.

కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఇక్కడే చెప్పాలి. పన్నెండు అంగుళాల కొత్త స్నో పడిందని వినగానే ఊరంతా ఎగబడుతుంది. మొదటి ఏడాదివాళ్ళకు అది నరకం. కాలు దిగబడుతుంది, స్కీ మలుపు తిరగదు, పడితే లేవడం కష్టం. మీకు మంచిరోజు ఏదంటే, స్నో పడి ఒక రోజు గడిచాక, రాత్రి గ్రూమ్ చేశాక, 26, 28 డిగ్రీల మధ్య, మబ్బుగా, గాలి లేకుండా ఉన్న రోజు. ఫోటోలు అంత బాగా రావు గానీ సాయంత్రానికి మలుపు వచ్చేస్తుంది. దట్టంగా కురుస్తున్నప్పుడు ఇంకో ఇబ్బంది, ఎగుడుదిగుడులు కనపడవు. నేలా ఆకాశం ఒకే తెలుపు. పసుపు లేదా గులాబీ రంగు గాగుల్ అద్దం ఉంటే కొంత నయం, చెట్ల పక్కనున్న వాలులో చేస్తే ఇంకా నయం.

సాయంత్రం ఆఫీసు అయ్యాక నైట్ స్కీయింగ్‌కి వెళ్ళేవాళ్ళు పగటి గరిష్ఠం చూడండి. మధ్యాహ్నం 37కి చేరి, చీకటి పడ్డాక 27కి దిగితే పగలు కరిగినదంతా గాజులా బిగుస్తుంది. పగలంతా 30 లోపే ఉన్న రోజు రాత్రి హాయిగా ఉంటుంది.

గాలి గురించి క్లుప్తంగా. కొండ కొసన నలభై మైళ్ళు దాటిన ఈదురు ఉందని ఫోర్‌కాస్టు చెబితే పై లిఫ్టులు ఆగే అవకాశం ఎక్కువ. ఆల్పెంటల్ పైకి వెళ్ళాలని టికెట్ కొనేవాళ్ళు ఇది చూడకుండా కొనొద్దు.

దారి, దారి తప్పితే

ఐ-90 హైవే మీద ఇసక్వా ఎగ్జిట్ 17, సమ్మిట్ వెస్ట్ ఎగ్జిట్ 52. ఎగ్జిట్ నంబర్లు మైళ్ళే కాబట్టి మధ్యలో 35 మైళ్ళు. మామూలు రోజు ముప్పావుగంట కూడా పట్టదు. స్నో పడే రోజు రాష్ట్ర రవాణా శాఖ పాస్ రిపోర్టు చూడకుండా బయల్దేరకండి. "ట్రాక్షన్ టైర్స్ రిక్వైర్డ్" అంటే శీతాకాలపు టైర్లు గానీ, ఎం+ఎస్ గుర్తున్న ఆల్ సీజన్ టైర్లు గానీ ఉండాలి. ఆ పై మెట్టు టైర్లకు చుట్టే చెయిన్లు. ఆల్ వీల్ డ్రైవ్ బండికి చెయిన్లు వేయడం నుంచి మినహాయింపు ఉన్నా, బండిలో పెట్టుకుని ఉండాలన్న నిబంధన ఉంది. చెయిన్లు తప్పనిసరన్నప్పుడు లేకుండా దొరికితే జరిమానా 500 డాలర్ల దాకా పోతుంది. కొన్నది కొన్నట్టు డబ్బాలో ఉంచకుండా, ఇంటి గరాజులో ఒకసారి వేసి చూడండి. ఎగ్జిట్ 47 పక్కన వేళ్ళు కొంకర్లు పోతుంటే యూట్యూబ్ చూస్తూ నేర్చుకోవడం జరిగే పని కాదు. అవలాంచ్‌లు రోడ్డు మీద పడకుండా ముందే పేల్చి దించడానికి ఐ-90ని గంటల తరబడి మూసేస్తుంటారు. ఆ కబురు కూడా అదే పేజీలో వస్తుంది.

అవలాంచ్‌ల సంగతి తేలిగ్గా తీసుకోకండి. 1910 మార్చి 1న స్టీవెన్స్ పాస్ దగ్గర వెల్లింగ్టన్ అనే చోట, రోజుల తరబడి స్నోలో చిక్కుకుపోయిన రెండు రైళ్ళ మీద కొండచరియంత మంచు విరుచుకుపడి 96 మంది చనిపోయారు. అంతకుముందు రోజుల తరబడి స్నో, దాని మీద వాన, ఉరుములు. ఇందాక చెప్పిన చల్లగా మొదలై వెచ్చగా ముగిసే తుపాను అదే. రిసార్టు హద్దుగా కట్టిన తాళ్ళ లోపల స్కీ గస్తీవాళ్ళు ఆ పని చూసుకుంటారు. తాడు దాటితే మీ పూచీ మీదే. అవలాంచ్ సెంటర్ ప్రమాదాన్ని 1 నుంచి 5 దాకా చెబుతుంది. మధ్యలో ఉంది కదా అని 3ని మధ్యరకం అనుకోవద్దు. ప్రాణాలు ఎక్కువగా పోయేది ఆ 3 రోజునే. బీకన్ (మంచు కింద కూరుకుపోయినవాళ్ళ జాడ చెప్పే రేడియో పరికరం), శిక్షణ లేనివాళ్ళు ఏ అంకె ఉన్నా తాడు దాటకూడదు. తాడు లోపల కూడా, బాగా పడిన రోజు పెద్ద చెట్ల మొదళ్ళ చుట్టూ కొమ్మల కింద గుంటలు దాగి ఉంటాయి. అందులో తలకిందులుగా పడితే బయటికి రాలేరు. చెట్లలోకి ఒంటరిగా వెళ్ళొద్దు, తోడు కనుచూపు మేరలో ఉండాలి.

హైదరాబాద్ నుంచి గుల్మార్గ్ వెళ్ళేవాళ్ళు కూడా నన్ను అడుగుతుంటారు. అక్కడ కిందే 2,600 మీటర్లు దాటి ఉంటుంది కాబట్టి జనవరి, ఫిబ్రవరిలో వానకంటే గాలికీ, గొండోలా (కేబుల్ కారు) ఆగిపోవడానికీ ఎక్కువ భయపడాలి. పడమటి నుంచి వచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్స్ ఎప్పుడు దాటుతుందో ఐఎండీ బులెటిన్‌లో చూసుకుని, దాటాక ఒక రోజు ఆగి పైకి వెళ్ళే పద్ధతి అక్కడా పనిచేస్తుంది.

ఏడాదికేడాది తేడా కూడా ఉంటుంది. లా నినా ఏళ్ళలో ఇక్కడ స్నో బాగుంటుందనీ, ఎల్ నినోలో తగ్గుతుందనీ మొగ్గు ఉంది గానీ అది హామీ కాదు. 2014-15లో నీరు పడింది, కానీ వెచ్చటి చలికాలం కావడంతో వానగా పడింది. పాస్‌లో లిఫ్టులు చాలా రోజులు ఖాళీగా వేలాడాయి. సీజన్ పాస్ కొనేముందు తక్కువ ఎత్తు కొండ ఒక్కదాన్నే నమ్ముకోకుండా, క్రిస్టల్ లాంటి ఎత్తు కొండ కూడా వచ్చే పాసు తీసుకోవడం నా సలహా.

మార్చి నెలాఖరు నుంచి లెక్క మారిపోతుంది. అప్పుడు కొత్తగా ఎంత పడిందన్నది కాదు, రాత్రి గడ్డకట్టిందా లేదా అన్నదే చూడాలి. రాత్రి ఆకాశం తేటగా ఉండి 28కి దిగితే, పొద్దున తొమ్మిదింటికి వాలు ఇనప రేకులా ఉంటుంది. పదిన్నరకు ఎండ తగిలి పైన అరంగుళం వదులై, రవ్వ రవ్వగా అవుతుంది. కార్న్ స్నో అంటే అదే, ఏడాది మొత్తంలో నాకు ఇష్టమైనది. ఎండ ముందు పడే తూర్పు వాలులో మొదలుపెట్టి, దక్షిణానికి, ఆ తర్వాత పడమటికి ఎండతో పాటు జరుగుతూ పోవాలి. రాత్రి మబ్బు పట్టి 35 దగ్గరే ఉండిపోతే గడ్డ కట్టదు, పొద్దుటి నుంచే బురద. గడ్డ కట్టిన రోజు కూడా ఒంటిగంట దాటేసరికి స్కీ చీలమండ దాకా దిగబడటం మొదలవుతుంది, మోకాళ్ళు దెబ్బతినేది అప్పుడే. పన్నెండున్నరకు పులిహోర డబ్బాలు తెరిచి, ఒంటిగంటకు బూట్లు విప్పేయండి.